మిద్దె మీద నాలుగేళ్లు: నా గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా

కపిలతీర్థం దగ్గర మా మిద్దె మీద ఈ యాంటెన్నా పెట్టి నాలుగేళ్లయింది. 144-146 మెగాహెర్ట్జ్ హ్యామ్ (లైసెన్సు తీసుకుని సరదాగా నడిపే రేడియో) బ్యాండుకు నేనే చేసుకున్న క్వార్టర్ వేవ్ గ్రౌండ్ ప్లేన్, అంటే కడ్డీ పొడవు రేడియో తరంగంలో దాదాపు పావు వంతు. ఎస్ఓ-239 కనెక్టరు మీద నిలువుగా ఒక ఇత్తడి కడ్డీ, కింద గొడుగు ఊచల్లా వాలిన నాలుగు రేడియల్స్ (నేల బదులు పనిచేసే కడ్డీలు). అంతే సరంజామా. చుట్టూ అన్ని దిక్కులకూ ఒకేలా పనిచేస్తుంది, తిప్పే పని లేదు.

ట్యూనింగ్‌కు ఒక పూట పట్టింది. కడ్డీ 52 సెంటీమీటర్లు పెడితే నానోవీఎన్ఏ (యాంటెన్నాలు కొలిచే చిన్న పరికరం) గ్రాఫులో పల్లం, అంటే యాంటెన్నా బాగా పలికే చోటు, 137 మెగాహెర్ట్జ్ దగ్గర పడింది. ఐదేసి మిల్లీమీటర్లు కోస్తూ పోయా. ఒక్కో కోతకు దాదాపు 1.4 మెగాహెర్ట్జ్ పైకి జరిగి, 49 సెంటీమీటర్ల దగ్గర 145 దాటింది. (అంతకు ముందు ఒక కడ్డీని తొందరపడి కురచ చేసి పారేశా.) రేడియల్స్ అడ్డంగా ఉంటే ఇంపిడెన్స్ (కరెంటుకు యాంటెన్నా చూపే అడ్డు) 36 ఓమ్‌ల దగ్గరే ఉంటుంది, 45 డిగ్రీలు కిందికి వంచాక సెట్టుకూ కేబులుకూ సరిపడే 50కి చేరువై, ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవరులో ఎంత వెనక్కి వస్తుందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ రానట్టు) 1.2కి వచ్చింది.

చేతి సెట్టు రబ్బరు యాంటెన్నాతో ముక్కలుగా వినిపించే రేణిగుంట మిత్రుడు ఇప్పుడు పక్క గదిలో ఉన్నట్టే. అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోయేటప్పుడు 145.800లో మాటలూ విన్నా. కానీ ఉత్తరాన శేషాచలం ఉంది, కడప వైపు నుంచి ఏమీ రాదు. కోతులు రెండుసార్లు రేడియల్స్ వంచాయి, చేత్తోనే సరిచేశా.

అసలు దెబ్బ మూడో ఏడు తగిలింది. నవంబరు వానలయ్యాక ఎస్‌డబ్ల్యూఆర్ 1.1 చూపింది. ఇంకా మెరుగైందని మురిసిపోయా. మిత్రుడేమో "ఏమప్పా, బావిలోంచి మాట్లాడతా ఉండావా?" అంటాడు. బ్యాటరీ మార్చా, సెట్టు మార్చా, మూడు వారాలు పోయాయి. చివరికి మిద్దెక్కి యాంటెన్నా విప్పేసి, ఉత్త కేబులును నానోవీఎన్ఏతో కొలిచా. చివర యాంటెన్నా లేకపోతే పవరంతా వెనక్కి రావాలి, అంకె పెద్దదవ్వాలి. అప్పుడూ 1.5! 15 మీటర్ల ఆర్‌జీ-58 (నేను వాడిన సన్న కేబులు) బాగుంటే ఆ స్థితిలో 3 దాకా చూపాలి. కనెక్టరుకు చుట్టిన మామూలు టేపు జిగురు మే ఎండకు కరిగి, నీళ్లు లోపలికి దిగి, కేబులు లోపలి రాగి అల్లిక నల్లబడింది. నేను పంపే 5 వాట్లలో పైకి చేరేది ఒక్క వాటే. తిరిగి వచ్చే పవరునూ కేబులే మింగేస్తుంటే మీటరుకు తప్పేం కనబడుతుంది?

ఇప్పుడు పవరు తక్కువ మింగే లావు కేబులు ఆర్‌జీ-213 వేశా. యాంటెన్నా కంటే దానికే ఎక్కువ ఖర్చయింది. సాగదీసి చుడితే తనలో తానే అతుక్కునే రబ్బరు టేపు వాడా. నీళ్లు కారిపోయేలా కిటికీ ముందు కేబులును కిందికి వేలాడేసి లోపలికి తెచ్చా. ఏటా అక్టోబరుకు ముందు యాంటెన్నా విప్పి ఉత్త కేబుల్ కొలుస్తా. పోయిన ఏడు 6 వచ్చింది. ఎస్‌డబ్ల్యూఆర్ అంత వచ్చినందుకు నవ్వుకుంటూ మిద్దె దిగా.