వియన్నా నుంచి సాల్జ్‌బర్గ్‌కు రైల్లో... మధ్యలో హాల్‌స్టాట్

ఆరు రాత్రుల్లో ఐదు ఊళ్లు చూసేద్దామని మొదట ప్లాన్ గీసుకున్నాం. ప్రాగ్, బుడాపెస్ట్ కూడా అందులో ఉన్నాయి. అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. రోజూ పెట్టెలు సర్దుకుని హోటల్ మారడం అమ్మ వల్ల కాదని నా భార్య గట్టిగా చెప్పింది. దాంతో ఆ రెండూ కొట్టేసి ఆస్ట్రియాకే పరిమితమయ్యాం: వియన్నాలో మూడు రాత్రులు, హాల్‌స్టాట్‌లో ఒకటి, సాల్జ్‌బర్గ్‌లో రెండు. తిరుగు విమానం జర్మనీలోని మ్యూనిక్ నుంచి. సాల్జ్‌బర్గ్ నుంచి అక్కడికి రైల్లో రెండు గంటల లోపే.

టికెట్లు ఆస్ట్రియా రైల్వే ఓబీబీ యాప్‌లో ముందే తీసుకున్నాం. ‘స్పార్షీనే’ అనే డిస్కౌంట్ టికెట్ చాలా చవక. కాకపోతే బుక్ చేసుకున్న ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. మన ఆలస్యం వల్ల రైలు తప్పితే డబ్బులు పోయినట్టే. సీటు రిజర్వేషన్ విడిగా కొనుక్కోవాలి. అది లేకపోయినా ఎక్కొచ్చు, మనకున్నట్టు వెయిటింగ్ లిస్ట్ టెన్షన్ లేదు. పెద్దవాళ్లతో వెళ్తే మాత్రం రిజర్వేషన్ తీసుకోవడమే మంచిది.

వియన్నాలో మేం దిగిన అపార్ట్‌మెంట్ దగ్గర మోసపోయాం. ‘రెండో అంతస్తు’ అని రాశారు. అక్కడి పాత భవనాల్లో గ్రౌండ్ ఫ్లోర్‌ను లెక్కలో వేయరు, దాని పైన ‘మెజనీన్’ అని ఇంకో అంతస్తు ఉంటే దాన్నీ వేయరు. అంటే మనం ఎక్కేది మూడు అంతస్తులు. లిఫ్ట్ లేదు. అమ్మ ప్రతి మలుపులోనూ ఆగి, రెయిలింగ్ పట్టుకుని ఊపిరి తీసుకుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. లిఫ్ట్ ఉందో లేదో అడిగి, జవాబు వచ్చాకే బుక్ చేయండి. వంటగది ఉండటం మాత్రం కలిసొచ్చింది. అన్నం వండుకుని, సూపర్ మార్కెట్ పెరుగు, ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయతో తిన్నాం. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. అత్యవసరమైతే పెద్ద స్టేషన్లలోని సూపర్ మార్కెట్లే దిక్కు.

హాల్‌స్టాట్‌కు అట్నాంగ్-పుఖైమ్‌లో రైలు మారాలి. అక్కడి నుంచి ఎడమ పక్క కూర్చోండి, ట్రౌన్ సరస్సు కిటికీ పక్కనే వస్తుంది. బాడ్ ఇషల్ దాటాక కుడి పక్కకు మారిపోండి, హాల్‌స్టాట్ సరస్సు ఆ వైపే. స్టేషన్ ఒక ఒడ్డున, ఊరు అవతలి ఒడ్డున. రైలు వేళలకు తగ్గట్టు పడవ నడుస్తుంది. ఆఖరి పడవ ఎన్నింటికో ముందే చూసుకోండి, చేతిలో కాస్త నగదు ఉంచుకోండి.

ఏడు వేల ఏళ్ల నాటి ఉప్పు గనుల ఊరు ఇది. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. వెయ్యి మంది కూడా లేని ఈ ఊళ్లో మధ్యాహ్నం అడుగు తీసి అడుగు వేయలేం. సాయంత్రం టూరిస్టు బస్సులు వెళ్లిపోయాక నీళ్ల చప్పుడు, చర్చి గంటలు తప్ప ఇంకేమీ వినిపించలేదు. పగలు వచ్చి పగలే వెళ్లిపోయేవాళ్లకు ఈ ఊరు దొరకదు. గది అద్దె ఎక్కువే. భారమనిపిస్తే పక్క స్టేషన్ ఓబర్‌ట్రౌన్‌లో చూడండి.

కొండవాలు మీద చర్చి పక్కన చిన్న ఎముకల గది ఉంది. శ్మశానంలో చోటు చాలక, కొన్నేళ్లకు సమాధి తవ్వి, పుర్రెను ఎండబెట్టి, నుదుటి మీద పేరు రాసి, ఆకులూ పూలూ చిత్రించి అక్కడ పెట్టేవారు. అలాంటివి ఆరు వందలకు పైనే. ఆఖరిది 1995లో పెట్టారు. నాకు ముందు భయమేసింది. అమ్మ మాత్రం గడప దగ్గరే చేతులు జోడించి, చాలాసేపు అలాగే నిలబడింది.

సాల్జ్‌బర్గ్‌లో సంగీతకారుడు మోజార్ట్ పుట్టిన ఇల్లు జనంతో కిక్కిరిసి ఉంది, మాకు పెద్దగా నచ్చలేదు. 1077లో మొదలుపెట్టిన కొండమీది కోటే నచ్చింది. పైకి రైలుబండి ఉంది కాబట్టి అమ్మ కూడా హాయిగా చూసింది. రెండు రోజులుంటే సాల్జ్‌బర్గ్ కార్డ్ తీసుకోండి, కోట, ఆ రైలు, మోజార్ట్ ఇల్లు అన్నీ అందులోనే వస్తాయి.

మళ్లీ వెళ్తే వియన్నాలో ఒక రాత్రి తగ్గించి హాల్‌స్టాట్‌కు ఇస్తాం.