తోక పట్టా, దవడ పట్టా: ఏ రూల్ మేలు?

గండికోట లోయలో పెన్న దాటుతున్న వీరుణ్ణి కొండచిలువ తోకతో చుట్టేసింది. ఇప్పుడు డైస్ ఎవరు వెయ్యాలి? పాత్రలు ధరించి డైస్ వేసి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ 2014 రూల్స్‌లో గ్రాపుల్ (ఎదుటివాణ్ణి పట్టి ఆపడం) చెయ్యాలంటే ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. తోక చెయ్యి కాదు, అందుకే పేచీ.

దారులు రెండు. ఒకటి, ఇద్దరూ ఇరవై ముఖాల డైస్ వేసి పోటీ పడటం. రెండోది, పట్టుకు ముందే ఒక డీసీ (బయటపడాలంటే డైస్ మీద అందుకోవాల్సిన అంకె) పెట్టేయడం. పెద్ద కొండచిలువకు బలం 19, పట్టు డీసీ 16. మాడిఫయర్ (డైస్ అంకెకు కలిపేది) సున్నా ఉన్న మంత్రగాడు డీసీ మీద 25 శాతం బయటపడతాడు, పోటీలో 30. అక్రోబాటిక్స్ (ఒడుపుగా జారుకునే నేర్పు) +7 ఉన్న దొంగకు 60, 62. అవకాశాల్లో తేడా ఇంతే. కానీ ప్రతి రౌండుకూ ఒక డైస్ తగ్గుతుంది, ఆట సాగుతుంది. నా ఓటు డీసీకే. 2024 రూల్స్ కూడా అటే మళ్లాయి: 8 + బలం మాడిఫయర్ + ప్రొఫిషియెన్సీ (నేర్పుకు కలిసే అంకె).

మరి ఉడుంపట్టుకూ ఉత్త పట్టుకూ తేడా ఎలా చూపాలి? 2014 పట్టికల్లో మామూలు మొసలికీ, మామూలు కొండచిలువకూ బలం 15 చొప్పునే. అయినా దవడ డీసీ 12, చుట్ట డీసీ 14. దీన్నే కొలతగా పెట్టుకోండి: కరిచిపట్టే వాటికి పై లెక్క 8 నుంచి, తోక, తొండం లాంటి చుట్టేవాటికి 10 నుంచి.

బలం కంటే ముఖ్యం, పట్టిన అవయవం కూడా చిక్కుకుపోవడం. మొసలి ఒకణ్ణి పట్టినంతసేపూ ఇంకొకణ్ణి కరవలేదు. ఇది మరిస్తే తోకున్న ఆటగాడు ఒకణ్ణి తోకతో బిగించి, రెండు చేతులా కత్తి తిప్పుతాడు. ఇలాంటిదే ఇంకో ఆట, పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌లో గ్రాబ్ (కొడుతూనే పట్టేసే శక్తి) ఉన్న జీవికి పట్టులో +4 వస్తుంది. ఆ ఒక్క అవయవంతోనే పట్టి తాను చిక్కకుండా ఉండాలంటే మైనస్ 20. న్యాయమే, కానీ చిన్న జీవులకు అందేది కాదు. ఆటగాడి తోకకైతే ప్రొఫిషియెన్సీ తీసేయండి, తనకంటే పెద్ద సైజువాణ్ణి పట్టనివ్వకండి. అది చాలు.

2014లో గ్రాపుల్ అంటే వేగం సున్నా, అంతే. మంత్రం ఆగదు. చిక్కినవాడి దాడులకు డిసడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి చిన్న అంకె తీసుకోవడం) తెచ్చేది రెస్ట్రెయిన్డ్ (కట్టిపడేసిన స్థితి). కొండచిలువ, మొసలి రెండూ దాన్ని కూడా తగిలిస్తాయి.

నీళ్లలో మొసలికి స్థానబలిమి ఉంటుంది కదా, అక్కడ విడిపించుకునే డైస్‌కు డిసడ్వాంటేజ్ ఇవ్వండి. తోటివాళ్లు దాన్ని ఒడ్డుకు ఈడ్చాక తీసేయండి.