సాల్జ్‌బర్గ్‌లో రైలు, ప్రాగ్‌లో పర్సు

మ్యూనిక్‌లో మాస్టర్స్ రెండో సెమిస్టర్ పరీక్షలయ్యాక నాలుగు రోజులు వియన్నా, ప్రాగ్ చూసొద్దామని ఒక్కదాన్నే బయల్దేరాను. ప్లానంతా నాదే కాబట్టి తప్పులూ నావే, ఆ దొంగతనం ఒక్కటి తప్ప.

మొదటి తప్పు టికెట్ల దగ్గరే జరిగింది. నెలనెలా కట్టే డాయిచ్‌లాండ్ టికెట్, అంటే జర్మనీ అంతటా చెల్లే లోకల్ పాస్, రీజనల్ రైళ్లలో సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ దాకా చెల్లుతుంది కదా, ఇంకేం, అక్కడి నుంచి వియన్నాకి విడిగా ఇంకో చవక టికెట్ తీసుకున్నాను, అది ఫలానా రైలుకి మాత్రమే చెల్లే రకం. మధ్యలో 25 నిమిషాలున్నాయి, చాల్లే అనుకున్నా. తీరా రైలు సరిహద్దుకి ఇవతల ఫ్రైలాసింగ్‌లో 40 నిమిషాలు కదలకుండా నిలబడింది. సాల్జ్‌బర్గ్ కౌంటర్‌లో ఆవిడ విసుక్కోకుండానే చెప్పింది: రెండూ వేరువేరు టికెట్లు, ఆ రైలు లేటైతే ఈ టికెట్‌కి సంబంధం లేదు. మ్యూనిక్ నుంచి వియన్నాకి మొత్తం ఒకే టికెట్‌గా కొని ఉంటే తర్వాతి రైలు ఎక్కనిచ్చేవాళ్లు. పైగా గంట, ఆ పైన ఆలస్యంగా చేరితే యూరోపియన్ యూనియన్ రూల్ ప్రకారం ఛార్జీలో 25 శాతం, రెండు గంటలు, ఆ పైన అయితే 50 శాతం వెనక్కి అడగొచ్చు. విడివిడిగా కొని మిగుల్చుకున్న డబ్బుకి రెట్టింపు పెట్టి కొత్త టికెట్ కొన్నాను.

హాస్టల్ రిసెప్షన్ రాత్రి పదికే మూసేస్తారన్న సంగతి కూడా ఆ ప్లాట్‌ఫామ్ మీద కూర్చుని తీరిగ్గా చదివాను. బుక్ చేసేటప్పుడు చదవాల్సింది. వెంటనే ఫోన్ చేస్తే తలుపు కోడ్, తాళం ఏ లాకర్లో పెట్టారో రాసి మెయిల్ పంపారు, అందుకే వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. శుక్రవారం కావడం అదృష్టం, వియన్నా మెట్రో శుక్ర, శని రాత్రుళ్లు తెల్లవార్లూ నడుస్తుంది, టాక్సీ ఖర్చు తప్పింది. గది శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది కానీ ఆరు మంచాలకి రెండే ప్లగ్గులు. ఊరి గురించి ఎక్కువ చెప్పను, షోన్‌బ్రున్ రాజభవనం తోటలకి టికెట్ అక్కర్లేదు, వెనక గుట్టెక్కి కూర్చుంటే సగం రోజు గడిచిపోతుంది.

ఇక ప్రాగ్. కోటకి వెళ్లే 22 నంబర్ ట్రామ్‌లో జేబుదొంగలుంటారని నేనూ చదివాను, మనకి కాదులే అనుకున్నాను. కిక్కిరిసిన బండి, ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో ఫోన్‌లో మ్యాప్, వీపున బ్యాగ్. కోట స్టాప్‌లో దిగాక చూస్తే బయటి అర జిప్ బార్లా తీసి ఉంది. డబ్బు పోతే పోయింది, పర్సులో బ్యాంక్ కార్డూ జర్మనీలో ఉండడానికి అనుమతిగా ఇచ్చే రెసిడెన్స్ కార్డూ ఉన్నాయి. పాస్‌పోర్ట్ హాస్టల్ లాకర్లో ఉండబట్టి సరిపోయింది.

రూమ్మేట్‌కి ఫోన్ చేసి ఏడుపు మొదలుపెట్టాను. "తర్వాత ఏడుద్దువు గానీ, ముందు 116 116 కి చెయ్యి" అంది. జర్మనీలో కార్డులు ఆపించే నంబర్ అది, బయటి దేశం నుంచైతే ముందు +49 కలపాలి. బ్యాంక్ కార్డుతో పాటు రెసిడెన్స్ కార్డులోని ఆన్‌లైన్ ఐడీని కూడా అక్కడే ఆపించొచ్చు.

ప్రాగ్ హాస్టల్ చూడ్డానికి వియన్నా హాస్టల్ ముందు దిగదుడుపే, మెట్లు కిర్రుమంటాయి, లాకర్‌కి తాళం మనమే తెచ్చుకోవాలి. అయినా నా ఓటు దీనికే. రిసెప్షన్ రాత్రంతా ఉంటుంది, అక్కడి కుర్రాడు పోలీస్ స్టేషన్‌కి దారి కాగితం మీద గీసిచ్చాడు. స్టేషన్‌లో రెండు గంటలు పట్టింది. "పర్సు పోయింది" అని రాసి వదిలేయకుండా రెసిడెన్స్ కార్డు పేరు విడిగా రాయించుకుని, స్టాంప్ వేయించుకుని, కాపీ చేతికొచ్చాకే లేచాను. పొద్దున్నే వెళ్లిపోవాలి, మళ్లీ వచ్చి అడిగే వీలుండదు.

తిరుగు రైలు జర్మనీ సరిహద్దు స్టేషన్ ఫుర్త్ ఇమ్ వాల్డ్ చేరగానే జర్మన్ పోలీసులు ఎక్కారు. పాస్‌పోర్ట్‌లో వీసా గడువు ఎప్పుడో అయిపోయింది, దాని మీద ప్రాగ్ పోలీసులిచ్చిన ఆ కాగితం, ఫోన్‌లో కార్డు ఫొటో పెట్టి ఇచ్చాను. వాళ్లలో ఒకతను ఒక్కో లైన్ కింద వేలు జరుపుతూ చదివి, చేతి మెషీన్‌లో ఏదో కొట్టి, ఎవరికో ఫోన్ చేశాడు. పది నిమిషాలు. పక్క సీట్లో ముసలాయన నన్ను చూడకుండా ఉండడానికి కిటికీలోంచి తెగ చూశాడు. చివరికి ఆ పోలీసు అన్నీ తిరిగిచ్చి, బ్యాగ్ ముందుకి వేసుకోమని సైగ చేసి వెళ్లిపోయాడు.

తర్వాత విదేశీయుల ఆఫీసులో, బ్యాంకులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అదే కాగితం అడిగారు. ఇప్పుడది మడతల దగ్గర చిరిగిపోతుంటే వెనక టేప్ వేసి ఉంచాను, కొత్త కార్డు ఇంకా రాలేదు.