కారవాన్ ఎక్కడ వదిలి వెళ్లాలి: రాయగడ, సిమిలిగుడ, జైపూర్‌లో మాకు ఎదురైనవి

కారవాన్ అనగానే అందరూ షూటింగుల దగ్గర హీరో గారు కూర్చునే బస్సు అనుకుంటారు, మాది అంత సీను లేదండీ, నలుగురం సర్దుకుని పడుకునే చిన్న ట్రైలరు, దాన్ని లాగేది ఇసుజు వీ-క్రాస్ ఫోర్ బై ఫోర్. మాది బరంపురం. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ మీదుగా కోరాపుట్ కొండలెక్కి అక్కడ తిరగాలని ప్లాను. చిక్కేంటంటే కోరాపుట్‌లో చూడాల్సినవన్నీ మెయిన్ రోడ్డు దిగాకే ఉంటాయి, ఆ రోడ్ల మీద ట్రైలరు తగిలించుకుని వెళ్తే మలుపులో ఎదురుగా బస్సొచ్చిందంటే వెనక్కి పోలేం ముందుకి పోలేం. కాబట్టి ట్రైలరు ఎక్కడో ఒకచోట వదిలి బండి ఒక్కటే వేసుకుని పోవాలి. ఆ "ఎక్కడో ఒకచోట" గురించే ఇదంతా.

దొంగతనం భయం ఎలాగూ ఉంటుంది కానీ ఈ ఆంధ్రా ఒడిశా బోర్డర్‌లో దానికంటే పెద్ద తలనొప్పి ఇంకోటి ఉంది. ఇది గంజాయి రవాణా జరిగే రూటు, సాలూరు వైపు దిగే బళ్లని ఆపి చెక్ చేస్తుంటారు. ఊరు కాని ఊళ్లో మూసి ఉన్న డబ్బా బండి రోజుల తరబడి నిలబడి ఉంటే ఊళ్లోవాళ్లకీ అనుమానమే, పోలీసులకీ అనుమానమే, పైగా మనం లేనప్పుడు ఎవడైనా కింద ఏదైనా కట్టి పోయినా మనకి తెలీదు. అందుకే నా లెక్కలో సేఫ్ జాగా అంటే పెద్ద గేటు, సీసీ కెమెరా కాదు, ఈ బండి ఫలానా వాళ్లది, ఫలానా రోజు వచ్చి తీసుకెళ్తారు అని చెప్పగలిగే మనిషి పగలూ రాత్రీ అక్కడ ఉండాలి.

రాయగడలో ముందు ఒక కళ్యాణ మండపం అడిగాం. జాగా బ్రహ్మాండం, సిమెంటు చప్టా, గోడ, గేటు, అన్నీ ఉన్నాయి. మేనేజరు కూడా సరే అన్నాడు, తీరా చూస్తే మధ్యలో ముహూర్తం ఉంది, పెళ్లివాళ్లు వస్తే బండి పక్కకి జరపాలట, తాళం వేసిన ట్రైలరుని మనం లేకుండా ఎవరు జరుపుతారు, పైగా టపాసులు. వద్దనుకున్నాం. స్టేషన్ రోడ్డు వైపు తెలుగువాళ్ల లాడ్జి ఒకటి దొరికింది, వెళ్లేటప్పుడు ఒక రాత్రి, వచ్చాక ఒక రాత్రి అక్కడే రూము తీసుకుంటే ట్రైలరు వెనక జాగాలో ఉంచుకోనిస్తానన్నాడు, దానికి వేరే డబ్బులు లేవు. ఓనరు అడిగిన మొదటి ప్రశ్న "లోపల గ్యాసు బండ ఉందా బాబూ?" అని. అది నాకు నచ్చింది. బండ తీయించి బయట రేకుల షెడ్డులో పెట్టించాడు, ఆధార్ జిరాక్సు, ఆర్సీ జిరాక్సు తీసుకున్నాడు, ట్రైలరుకి వేరే ఆర్సీ ఉంటుందని కూడా ఆయనకి తెలుసు. రూములు మామూలే, వేడినీళ్లు బకెట్టులో తెచ్చిస్తారు, దోమలు బాగా. కానీ రాయగడలో వదిలేస్తే కోరాపుట్ కొండలు చాలా దూరం, మజ్జిగౌరమ్మ గుడి, చుట్టుపక్కల చూసుకోడానికైతే సరిపోతుంది.

అసలు మకాం సిమిలిగుడ, కోరాపుట్ దగ్గరి ఊరు. దేవమాలి (1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు), పుట్‌సిల్ కాఫీ తోటలు, నందపూర్ మీదుగా డుడుమ జలపాతం, అన్నిటికీ ఇక్కణ్నుంచే చీలిపోవచ్చు. హైవే పక్క పెట్రోలు బంకులో అడిగితే ఊరికే పెట్టుకోమన్నారు, చూస్తే కెమెరాలన్నీ పంపుల మీదే ఉన్నాయి, వెనక జాగాలో రాత్రంతా లారీలు రివర్సు కొడుతూ ఉంటాయి, క్లీనర్ కుర్రాడు నిద్రమత్తులో "రానీ రానీ" అన్నాడంటే మన వెనక అద్దం అయిపోయినట్టే. చివరికి ఒక హార్డ్‌వేర్ షాపు వాళ్ల గోడౌన్ వెనక పెరట్లో పెట్టాం. విజయనగరం వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన కుటుంబం. రోజుకి వంద అన్నారు, బేరం ఆడలేదు. ఆ ఇంటి పెద్దావిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పసుపు కొమ్ములు ఎండబెట్టుకుంటూ అక్కడే ఉంటారు. "మా కోళ్లు నీ బండి కింద తొంగుంటాయి, ఏటనుకోకు బాబూ" అన్నారు. అంతకన్నా కాపలా ఏం కావాలండీ, కొత్త మనిషి అడుగుపెడితే కోళ్లే గోల పెడతాయి. వాళ్లబ్బాయి వెళ్లి పోలీస్ స్టేషన్‌లో కూడా ఒక మాట చెప్పొచ్చాడు.

పెట్టే పద్ధతి కూడా చెప్తా. హుక్కు ఉన్న వైపు గోడకి ఆనించి పెట్టండి, అప్పుడు వేరే బండి వచ్చి తగిలించుకోడానికి సందు ఉండదు, దాని మీద హిచ్ లాక్ (ఆ హుక్కుకి వేసే తాళం) ఎలాగూ వేస్తాం. చక్రాలకి రెండు వైపులా చెక్క దిమ్మలు గట్టిగా తన్ని పెట్టి, స్టాండ్లు దించి, హ్యాండ్ బ్రేక్ మాత్రం వదిలేయండి, తేమలో రోజుల తరబడి లాగి ఉంచితే బ్రేకు పట్టేసుకుంటుంది. నీళ్ల ట్యాంకు ఖాళీ, ఫ్రిజ్ ఆపేసి తలుపు తెరిచి మధ్యలో తువ్వాలు. పైన వెంటు దోమతెరతో కొంచెం తెరిచి ఉంచాలి, సిమిలిగుడలో చలికాలం మంచు దిగితే లోపల గోడలకి చెమట పట్టి పరుపులు ముక్క వాసన వస్తాయి. పంచదార, బిస్కెట్లు ఒక్కటి కూడా లోపల ఉంచకండి.

జీపీఎస్ ట్రాకర్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది సిమ్‌తో పనిచేస్తుంది, సిమిలిగుడలో దానికి సిగ్నల్ ఉంటుంది గానీ డుడుమ లోయలో మన ఫోన్‌కి ఉండొద్దూ? అందుకని అలర్టు మా బావమరిదికి కూడా వెళ్లేలా పెట్టాం, వాడు బరంపురంలో కూర్చుని హార్డ్‌వేర్ షాపుకి ఫోన్ చేస్తాడు. ఇన్సూరెన్సు పాలసీలో కూడా బండి జాగ్రత్తకి తగిన చర్యలు ఓనరే తీసుకోవాలని ఉంటుంది, కాబట్టి వదిలేముందు తాళాలు, దిమ్మలు, గోడ, అన్నీ కనపడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి.

ట్రైలరు వదిలించుకున్నాక తిరుగుడు హాయి. పుట్‌సిల్ వైపు బురదలో బండికి "ఫోర్ లో" (నాలుగు చక్రాలకీ పవరిచ్చే లో గేరు) వెయ్యాల్సొచ్చింది, ఆ దారి చూశాక మా ఆవిడ "అదే తగిలించుకుని వచ్చుంటేనా" అని ఊరుకుంది. డుడుమ దగ్గర మాచ్‌ఖండ్ ప్రాజెక్టు, 1955లో మొదలైన జల విద్యుత్ కేంద్రం, 120 మెగావాట్లు, ఆంధ్రా ఒడిశా కలిసి కట్టుకున్నది, అందుకే అక్కడి ఒనకఢిల్లీ ఊళ్లో టీ కొట్టులో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. గురువారం సంతకి బోండా ఆదివాసులు వస్తారు, వాళ్ల మొహాల మీద కెమెరా పెట్టకండి, దయచేసి.

గుప్తేశ్వరం గుహలోని శివుడి గుడి కోసం ట్రైలరు జైపూర్ (రాజస్థాన్‌ది కాదు, కోరాపుట్ జిల్లాలోది) మార్చాం. అక్కడ ఒక రైస్ మిల్లు యార్డు, ప్రహరీ, కాటా దగ్గర నైట్ వాచ్‌మన్, చూడ్డానికి అన్నిటికంటే పక్కాగా ఉంది, డబ్బులు కూడా ఎక్కువే తీసుకున్నారు. తిరిగొచ్చి చూస్తే ముందు వేలాడే సెవెన్ పిన్ వైరుని (బండి నుంచి ట్రైలరు లైట్లకి కరెంటిచ్చేది) ఎలుకలు ప్లగ్గు దగ్గర శుభ్రంగా కొరికేశాయి, రాగి తీగలు బయటికొచ్చాయి, లోపల నేల మీద వేలు పెడితే తవుడు అచ్చు. వాచ్‌మన్ని అడిగితే "మిల్లులో ఎలుకలు లేకుండా ఎలా ఉంటాయ్ సార్" అన్నాడు, నిజమే మరి, కానీ ఆ ముక్క డబ్బులు తీసుకునే ముందు చెప్పాలి కదా. ఊళ్లో ఎలక్ట్రీషియన్ వైరు అతికి ఇచ్చాడు, ఇండికేటర్లు వెలిగాయి. మిల్లులోనే పెట్టాల్సొస్తే వైరు చుట్టి పైకి కట్టి పీవీసీ గొట్టంలో దూర్చండి, వడ్లు దిగే రోజుల్లో అయితే అసలు వెళ్లకండి, ట్రాక్టర్ల క్యూలో మీ బండి బయటికి రాదు.

తీసుకునేటప్పుడు ఎక్కడైనా సరే టార్చి వేసి కిందంతా, బ్యాటరీ డబ్బా, స్పేర్ టైరు వెనక చూసుకున్నాకే తగిలించండి, సుంకి ఘాట్ దిగి సాలూరు పోయేవాళ్లు మరీను.

మళ్లీ వెళ్తే నా ఓటు సిమిలిగుడ పెరటికే. డిసెంబరు చివర్లో వెళ్లేవాళ్లు మాత్రం ముందే జాగా మాట్లాడి పెట్టుకోండి, దేవమాలికి ఎక్కే జనంతో ఆ వారం ఊళ్లో బైకు పెట్టుకోడానికే చోటు దొరకదు.