ఎక్స్ శాతానికి పచ్చ టిక్కు: పద్నాలుగు నెలలు వాడిన రెజ్యూమే చెకర్ గురించి

ఈ రెజ్యూమే చెకర్‌కి మూడు నెలలు వాడగానే ఐదు స్టార్లు ఇచ్చిన మనిషిని నేనే. "ఉద్యోగం వెతుక్కునేవాళ్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు" అని కూడా రాశాను. ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. ఆ మాట నమ్మి ఎవరైనా నిజంగానే కళ్లు మూసుకుని తీసుకున్నారేమోనని గిల్టీగా ఉంది, అందుకే మళ్లీ రాస్తున్నాను. పేరు చెప్పను. ఇలాంటివి బోలెడున్నాయి. ఇంకో మూడింటిని ఫ్రీ ట్రయల్‌లో చూశాను. రంగులు మారతాయి తప్ప లోపల సరుకు ఒకటే. రెజ్యూమే ఎక్కించాలి, పక్కన ఉద్యోగ ప్రకటన అతికించాలి, నూటికి ఇన్ని అని మార్కులు వస్తాయి.

నా గొడవంతా ఆ మార్కులతోనే.

స్క్రీన్ మధ్యలో గుండ్రటి మీటరు ఉంటుంది. 50 లోపు ఎరుపు, 80 దాకా పసుపు, ఆపైన పచ్చ. నాకు మొదటిసారి వచ్చింది 41. స్టోర్స్‌లో, స్టాక్ లెక్కల్లో తొమ్మిదేళ్లు చేసినదానికి 41! ఉద్యోగం పోయి అప్పటికి ఆరు వారాలు. అసలే మనసు బాగోలేదు, పైగా ఎరుపు. ఆ రాత్రి రెండింటిదాకా కూర్చుని 63 చేశాను. మర్నాడు 78. మూడోరోజు పచ్చ రంగు చూసి హాయిగా నిద్రపోయాను. ఆ మూడు రోజుల్లో ఒక్క అప్లికేషన్ కూడా పంపలేదన్న సంగతి అప్పుడు తట్టలేదు. ఏదో పెద్ద పని చేసేసినట్టే ఉంది. వాళ్లు అమ్మేది ఆ హాయినే అని ఇప్పుడనిపిస్తోంది, కానీ ఆ రోజుల్లో ఎవరైనా ఈ మాట అంటే పోట్లాడేదాన్ని.

స్కోరు పెరిగే పద్ధతి మొదట్లో నాకు నచ్చింది. నా రెజ్యూమేలో "ఇన్వెంటరీ కంట్రోల్" అని ఉంటే ప్రకటనలో "స్టాక్ కంట్రోల్" అని ఉండేది. చేసే పని ఒకటే. యాప్ మాత్రం ఆ మాట లేదని సున్నా వేసింది. మాట మార్చగానే నాలుగు మార్కులు పెరిగాయి. ఇది మంచి సలహానే అని అప్పుడు రాశాను, ఇప్పుడూ అంటాను. హెచ్‌ఆర్ వాళ్లు వందల రెజ్యూమేల్లో మాట కొట్టి వెతుకుతారు, వాళ్లు కొట్టే మాట మన కాగితంలో లేకపోతే మనం దొరకం. కాకపోతే అదే యాప్, అదే రంగుతో, అదే సీరియస్‌నెస్‌తో "డైనమిక్ అనే పదం ప్రకటనలో రెండుసార్లు ఉంది, మీ దాంట్లో లేదు" అని కూడా చెప్పింది. గోడౌన్‌లో పెట్టెలు లెక్కపెట్టే పనిలో డైనమిక్ ఏమిటి? అయినా పెట్టాను. రెండు మార్కులు వచ్చాయి మరి.

ఇక అసలు కథ.

నాలుగో నెలలో కొత్త ఫీచర్ వచ్చింది. మనం రాసుకున్న ఏ వాక్యం మీద నొక్కినా ఏఐ దాన్ని మార్చి రాసిపెడుతుంది. నా పాత వాక్యం మామూలుగా ఉండేది: "ప్రతి నెలా స్టాక్ లెక్కపెట్టి రిజిస్టర్‌తో సరిచూడటం." నొక్కాను. ఒక్క క్షణంలో అది "పకడ్బందీ స్టాక్ ఆడిట్ విధానాన్ని ముందుండి నడిపి వ్యత్యాసాలను ఎక్స్ శాతం తగ్గించాను" అనే అర్థంలో దడదడలాడే ఇంగ్లీషుగా మారిపోయింది. ఆ ఎక్స్ అచ్చంగా ఎక్స్ అనే అక్షరమే. చదరపు బ్రాకెట్ల మధ్య పెట్టి, పక్కన పర్సెంట్ గుర్తు తగిలించింది. మన అంకె అక్కడ మనం వేసుకోవాలన్నమాట. ఆ పక్కనే "కొలవదగిన ఫలితం ఉంది" అని పచ్చ టిక్కు. స్కోరు 86 నుంచి 92కి ఎగిరింది.

అంకె తర్వాత వేద్దాంలే అనుకున్నాను. పాత రికార్డులు చూసినవాళ్లనెవరినైనా అడిగి సరైన అంకె వేద్దామని నిజంగానే ఉద్దేశం. తర్వాత మర్చిపోయాను. తప్పు నాదే, కాదనను. కానీ మర్చిపోవడానికి కారణం ఆ పచ్చ టిక్కు. ఎర్రగా ఏదైనా మిగిలి ఉంటే రోజుకి పదిసార్లు తెరిచి చూసేదాన్ని. 92 వచ్చిన ఫైల్‌ని ఎవరు మళ్లీ చదువుతారు? పర్సెంట్ గుర్తు కనిపిస్తే చాలు, ముందున్నది అంకో అక్షరమో ఆ యాప్ చూడదని నాకేం తెలుసు!

ఆ ఫైల్ పదకొండు కంపెనీలకు వెళ్లింది.

పదిమంది ఏమీ అనలేదు, అసలు ఫోనే చేయలేదు. పదకొండో కంపెనీ వీడియో ఇంటర్వ్యూకి పిలిచింది. ఆపరేషన్స్ చూసే ఒక పెద్దావిడ. నా రెజ్యూమే స్క్రీన్ మీద షేర్ చేసి, మౌస్‌ని ఆ లైను మీదకు తెచ్చి ఆపారు. ముఖంలో నవ్వు లేదు, కోపమూ లేదు.

"ఇక్కడ ఎక్స్ శాతం తగ్గించానని రాశారు. ఎక్స్ అంటే ఎంతండీ?"

నోట మాట రాలేదు. ముందు నేను ఆ లైను చూడాల్సి వచ్చింది, నా కాగితాన్ని నేనే మొదటిసారి చదువుతున్నట్టు. క్షమించండి, అక్కడ అంకె వేయడం మర్చిపోయాను అన్నాను. అబద్ధం ఆడి ఏ ఇరవయ్యో ముప్పయ్యో అని ఉంటే ఏమయ్యేదో తెలియదు. నోటి చివరిదాకా వచ్చింది, ఎందుకో ఆగిపోయాను.

"సరే, అంకె సంగతి వదిలేయండి. అసలు అక్కడ మీరేం చేశారో చెప్పండి," అన్నారావిడ.

చెప్పాను. నెలాఖరులో ఒకేసారి మొత్తం స్టాక్ లెక్కపెడితే మూడు రోజులు పనులు ఆగిపోయేవి, తేడా వస్తే ఎప్పుడు వచ్చిందో, ఎలా వచ్చిందో ఎవరికీ గుర్తుండేది కాదు. ఎక్కువగా కదిలే సరుకుని వారానికోసారి, కదలనిదాన్ని మూడు నెలలకోసారి లెక్కపెట్టేలా మార్చాం. నెలాఖరు లెక్క ఒక్కరోజుకి వచ్చింది. తేడాలు ఎక్కువగా రిటర్న్‌గా వచ్చిన పెట్టెల దగ్గరే పుడుతున్నాయని అప్పుడే తెలిసింది, వాటికి వేరే ర్యాక్ పెట్టించాను. పది నిమిషాలు ఆపకుండా మాట్లాడాను.

"మరి ఇదే రాయొచ్చు కదండీ," అన్నారు. ఆ ఉద్యోగం నాకు రాలేదు, అది వేరే సంగతి. ఆ రాత్రి ఏఐ వాక్యం తీసేసి "నెలాఖరు స్టాక్ లెక్కను మూడు రోజుల నుంచి ఒక రోజుకి తగ్గించాను" అని మాత్రం రాశాను. రెండు అంకెలూ నిజమే, ఎవరడిగినా చెప్పగలను. స్కోరు 92 నుంచి 89కి పడింది. పర్సెంట్ గుర్తు లేదుగా!

అప్పటినుంచి ఆ మీటరు మీద నమ్మకం పోయి, అసలు అవతలివైపు ఏం కనిపిస్తుందో చూద్దామనిపించింది. హెచ్‌ఆర్‌లో పనిచేసే స్నేహితురాలికి ఫోన్ చేసి, వాళ్ల ఏటీఎస్, అంటే అప్లికేషన్లు వచ్చిపడే సాఫ్ట్‌వేర్, ఎలా ఉంటుందని అడిగాను. అభ్యర్థుల వివరాలేవీ చూపించకుండా ఖాళీ పేజీలు చూపించింది. పేరు, ఫోన్, కంపెనీలు, తేదీలు అంటూ గడులు. పైన వెతికే పెట్టె.

"ఇందులో మార్కులెక్కడుంటాయే?" అన్నాను.

"మార్కులేంటి?" అంది.

వాళ్ల దాంట్లో లేవు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ప్రకటనతో పోల్చి వరస పెడతాయట, అయితే ఆ లెక్క వాటిది. ఈ యాప్ ఇచ్చే 92కీ దానికీ చుట్టరికం లేదు. మరి మనిషి చూడకుండానే తిరస్కరించేది ఏమిటి అంటే, ఫారంలో అడిగే ప్రశ్నలు. నైట్ షిఫ్ట్ చేయగలరా, ఫలానా లైసెన్స్ ఉందా, ఇన్నేళ్ల అనుభవం ఉందా. కాదు అని నొక్కితే అక్కడికక్కడే అవతలపడేలా కంపెనీవాళ్లు పెట్టుకోవచ్చు. ఆ ప్రశ్నల్ని నేను రెజ్యూమే మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా పెట్టకుండా టకటకా నొక్కుకుంటూ పోయేదాన్ని. యాప్ మొదటి పేజీలో మాత్రం "75 శాతం రెజ్యూమేలను మనిషి చూడకముందే మెషీన్ చెత్తబుట్టలో వేస్తుంది" అని పెద్ద అక్షరాలు. ఇదే అంకె ఇలాంటి సైట్లు చాలావాటిలో కనిపిస్తుంది. దాని వెనక అధ్యయనం ఎక్కడుందా అని వెతికితే ఒక సైటు ఇంకో సైటును చూపించడమే తప్ప నాకేమీ దొరకలేదు.

రెజ్యూమేలో మా స్నేహితురాలు మొదట చూసేది ఇప్పుడున్న హోదా, కంపెనీ, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది, అంతే. లాడర్స్ అనే ఉద్యోగాల సైటు 2018లో రిక్రూటర్ల కంటిచూపును కొలిచి, మొదటి చూపు సగటున 7.4 సెకన్లని చెప్పింది. మా స్నేహితురాలు దానికి నవ్వి, సోమవారం పొద్దున అంత కూడా ఉండదంది.

ఇంతసేపూ తిట్టాను కాబట్టి ఒక మంచి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా నన్ను కాపాడింది. యాప్‌లో ఒక మూల "ప్లెయిన్ టెక్స్ట్" అనే ట్యాబ్ ఉంది. దానికి రంగు లేదు, మార్కులు లేవు, ప్రకటనల్లో దాని ఊసే ఎత్తరు. తొమ్మిదో నెలలో పొరపాటున నొక్కాను. రెజ్యూమేలోంచి అలంకారమంతా తీసేసి, మెషీన్‌కి ఏ వరసలో అక్షరాలు కనిపిస్తాయో ఆ వరసలో చూపిస్తుంది. చూసి గుండె జారిపోయింది. నాది వాళ్లదే రెండు కాలమ్‌ల టెంప్లేట్. ఎడమ కాలమ్ లైనూ కుడి కాలమ్ లైనూ కలిసిపోయి "స్టోర్స్ సూపర్‌వైజర్ ఎక్సెల్ రిటర్నుల విభాగం టీమ్‌వర్క్" అని ఏదో పూనకం వచ్చినట్టు ఉంది. నైపుణ్యాల పక్కన అందంగా పెట్టిన ఐదేసి చుక్కలు మాయం. అన్నింటికంటే ఘోరం, నా ఫోన్ నంబర్ లేదు. ఈమెయిలూ లేదు. ఆ టెంప్లేట్ వాటిని పేజీ హెడర్‌లో పెట్టింది, హెడర్‌లో ఉన్నదాన్ని కొన్ని సాఫ్ట్‌వేర్లు చదవనే చదవవు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. ఇంతకీ ఇదే టెంప్లేట్‌లో ఉన్న కాగితానికి ఒకప్పుడు వచ్చిన స్కోరెంతో చెప్పాను కదా, 92.

ఆ వారమే ఒక్క కాలమ్‌కి మార్చేశాను. ఫోన్, ఈమెయిల్ హెడర్‌లోంచి తీసి పేరు కింద మామూలు లైనులో పెట్టాను. "నా ప్రయాణం" అనే సోకు హెడ్డింగ్ తీసేసి "పని అనుభవం" అన్నాను. తేదీలన్నీ నెల, సంవత్సరం ఒకే తీరులో రాశాను. ఆ తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజం. కాకపోతే అదే సమయంలో మా రంగంలో నియామకాలూ కాస్త ఊపందుకున్నాయి, కాబట్టి ఎంత దీనివల్ల, ఎంత దానివల్ల అంటే చెప్పలేను. ఇంకో విషయం, ఈ ట్యాబ్ కోసం డబ్బు కట్టక్కర్లేదు. పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే దాదాపు ఇదే కనిపిస్తుంది. అక్కడ చదివితే మీకే అర్థం కాకపోతే మెషీన్‌కి మాత్రం ఏం అర్థమవుతుంది!

మిగతావి క్లుప్తంగా. కవర్ లెటర్ రాసిచ్చేది దండగ, నాకిచ్చిందీ మా చెల్లికిచ్చిందీ పక్కపక్కన పెడితే పేర్లు తప్ప తేడా లేదు. ఇంటర్వ్యూ ప్రశ్నల బ్యాంక్ ఫర్వాలేదు. అప్లికేషన్ల ట్రాకర్ బాగుంటుంది, కానీ నేను చివరికి ఎక్సెల్ షీట్‌కే వెళ్లిపోయాను, అది నా అలవాటు.

తీసుకోవాలా వద్దా అంటే, మీ పరిస్థితి నాకు తెలియదు. నాకు తొమ్మిదేళ్ల అనుభవం ఉంది, నాకు కావలసింది మాటలు వెతికి పెట్టే సాయం కాదు, ఉన్న సంగతి సూటిగా రాసుకునే ధైర్యం. కొత్తగా చదువు ముగించి, రెజ్యూమేలో ఏ హెడ్డింగులు ఉండాలో కూడా తెలియనివాళ్లకు మొదటి నెల ఉపయోగపడొచ్చు. మా చెల్లికి పడింది. రంగం మారాలనుకునేవాళ్లకు కొత్త రంగం మాటలు పరిచయం చేస్తుంది, అదీ మంచిదే. ఒక నెలకి తీసుకుని ఆపేయగలిగితే తీసుకోండి. నాలా మీటరు పిచ్చి ఉన్నవాళ్లయితే ఆలోచించుకోండి.

నాకు ఉద్యోగం మాత్రం దీనివల్ల రాలేదు. రెండు కంపెనీల కిందట పక్క సెక్షన్‌లో పనిచేసిన ఒకాయన, నాలుగేళ్లుగా మాటల్లేవు, ఏదో పాత ఫొటో కింద పలకరిస్తే తిరిగి పలకరించి, మా దగ్గర ఖాళీ ఉందన్నారు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే ఈ సంగతి రాశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగితే, ఆ తెలిసినవాళ్లు రోజూ కలిసేవాళ్లు కారట, ఎక్కువమంది ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్లట. దగ్గరివాళ్లకు తెలిసిన ఖాళీలు మనకీ తెలిసే ఉంటాయి కదా. 14 నెలల్లో మీటరు ముందు కూర్చున్న రాత్రుల్లో సగం ఇలా పలకరింపులకు పెట్టి ఉంటే అని ఒక్కోసారి అనిపిస్తుంది. అయితే ఆయన రెజ్యూమే పంపమన్నప్పుడు పంపింది ఆ ఒక్క కాలమ్ కాగితమే, ఫోన్ నంబర్ కనిపించే కాగితం. అది కూడా చెప్పాలి.

కొత్త ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. సబ్‌స్క్రిప్షన్ ఇంకో మూడు వారాలుంది. నిన్న ఆ యాప్ నుంచి మెయిల్: "మీ రెజ్యూమే స్కోరు 89 నుంచి 81కి పడిపోయింది, వెంటనే సరిచూసుకోండి." ఆ ఫైల్‌ని నేను ముట్టుకోనేలేదు. వాళ్లే ఏదో రూలు మార్చి ఉంటారు. ఏం మార్చారో చూద్దామని లాగిన్ అయ్యాను కూడా.