శాన్ డియేగో కామిక్ కాన్: ఎక్కడ దిగాలి, ఏ క్యూలో నిలబడాలి

జూలైలో శాన్ డియేగో చూడాలనుకునేవాళ్ళు ముందు కామిక్ కాన్ తేదీలు కనుక్కోండి. కామిక్స్, సినిమాల అభిమానులూ, వాటిలో పనిచేసేవాళ్ళూ ఏటా కలిసే పెద్ద జాతర అది. ఆ వారం ఊళ్ళో గది దొరకడమే కష్టం. దొరికినా అద్దె వింటే గుండె గుభేలుమంటుంది. మేం మాత్రం కావాలనే ఆ వారం వెళ్ళాం. మా అన్నయ్య కూతురు లాస్ ఏంజెలెస్‌లో యానిమేషన్ చదువుతోంది. "సరదాకి కాదు బాబాయ్, నేను గీసిన బొమ్మల పోర్ట్‌ఫోలియో కంపెనీలవాళ్ళకి చూపించుకోవాలి" అంది. సరదా సంగతి నేను చూసుకుంటానన్నాను.

లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చేవాళ్ళకి రైలే మేలు. యూనియన్ స్టేషన్‌లో పసిఫిక్ సర్ఫ్‌లైనర్ ఎక్కితే దాదాపు మూడు గంటల్లో శాన్ డియేగో శాంటా ఫే డిపోలో దిగొచ్చు. కుడివైపు కిటికీ దొరికితే చాలాసేపు సముద్రమే. కారులో వస్తే కాన్ జరిగే కన్వెన్షన్ సెంటర్ దగ్గర పార్కింగ్‌కి పెట్టే డబ్బుతో రెండు పూటలు తినొచ్చు.

బస విషయానికొస్తే, గ్యాస్‌ల్యాంప్ క్వార్టర్‌లో ఉంటే నడిచి వెళ్ళొచ్చు. మొదట అక్కడే దిగాం. గది చిన్నది, వీధిలో అర్ధరాత్రి దాటినా గోల, పైగా ఖాళీ చేసేటప్పుడు బిల్లులో ఏదో 'సౌకర్యాల ఫీజు' చేరింది. ఏ సౌకర్యానికని అడిగితే కౌంటర్‌లో అబ్బాయి కూడా నవ్వేశాడు. తర్వాత మిషన్ వ్యాలీకి మారాం. అక్కడ గది పెద్దది, అద్దె తక్కువ, ట్రాలీ అనే ఊరి రైల్లో గ్రీన్ లైన్ ఎక్కితే సరాసరి కన్వెన్షన్ సెంటర్ ముందే దింపుతుంది. కాన్ వాళ్ళు చాలా హోటళ్ళకి ఉచిత షటిల్ బస్సులు కూడా నడుపుతారు. రాత్రి తిరుగు ట్రాలీలో కామిక్స్ పాత్రల వేషాలేసుకున్నవాళ్ళ రెక్కలు, కత్తులు, కవచాల మధ్య నిలబడే రావాలి. నాకది నచ్చింది, మా అమ్మాయి నిద్రపోయింది. మీరా మెసాలో తెలుగు స్నేహితులుంటే ఇల్లూ దోసెలూ దొరుకుతాయి. చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్ పుణ్యమా అని ఆ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ పొద్దున్నే క్యూలో ఉండాల్సినవాళ్ళకి అంత దూరం పనికిరాదు.

ఈ జాతర 1970లో యు.ఎస్. గ్రాంట్ హోటల్లో మొదలైంది. ఆ ఆగస్టులో మూడు రోజులకీ కలిపి వచ్చింది మూడొందల మంది. ఇప్పుడు లక్షా ముప్పై వేలు దాటుతున్నారు. 1991 నుంచి కన్వెన్షన్ సెంటర్‌లోనే జరుగుతోంది.

మనవాళ్ళకి తెలిసింది హాల్ హెచ్, పెద్ద సినిమాల కార్యక్రమాలు జరిగే హాలు. ప్రభాస్, కమల్ హాసన్ వచ్చి 'కల్కి 2898 ఏడీ' పేరు బయటపెట్టింది 2023లో ఈ కాన్‌కే. ఆ హాల్లో ఆరున్నర వేల సీట్లున్నా, పెద్ద కార్యక్రమం ఉంటే ముందు రాత్రి నుంచే బయట పడిగాపులు. పని వెతుక్కోడానికి వచ్చినవాళ్ళు ఆ వైపు వెళ్ళకపోవడమే మంచిది. సగం రోజు పోతుంది. చూసిన ట్రైలర్ సాయంత్రానికల్లా ఫోన్లో ఉంటుంది.

వెళ్ళాల్సింది పై అంతస్తుకి, సెయిల్స్ పెవిలియన్‌కి. తెరచాపల్లాంటి తెల్లటి కప్పు కింద వరుసగా బల్లలు, బల్లకి అటువైపు కంపెనీల మనుషులు. ఎవరు ఏ గంటకి చూస్తారో ముందే కనుక్కుని పేరు రాయించుకోవాలి. దక్కేది కొద్ది నిమిషాలే. మా అమ్మాయికి ముందురోజంతా టెన్షన్. ఆమె పేజీలు తిప్పిన ఒకావిడ, డ్రాగన్ల దగ్గర ఆగలేదు. "ఇవి అందరూ తెస్తారు. వంటింట్లో ఒక అమ్మ ఫోన్లో మాట్లాడుతూ కూర కలిపే బొమ్మ ఉందా?" అని అడిగింది. లేదు. చేతులు, కుర్చీలు, కార్లు, ఇద్దరు మనుషులు ఒక గదిలో పోట్లాడుకునే నాలుగు పేజీలు గీసి తెమ్మంది. అభిమాన హీరోల బొమ్మలు చివర రెండు చాలంది. కార్డు ఇచ్చింది, ఉద్యోగం ఇవ్వలేదు. అక్కడికక్కడ ఉద్యోగం ఇచ్చేస్తారనుకుని వెళ్ళొద్దు. రెండేళ్ళ కాలేజీ ఫీజులో రాని సలహా మాత్రం ఆ బల్ల దగ్గర ఊరికే దొరికింది.

నాకు అంతకన్నా ఆశ్చర్యం, బొమ్మలు గీయనివాళ్ళకి దొరికే గదులు. 'కామిక్ బుక్ లా స్కూల్' అని ఒక వరుస ఉంది. కాపీరైట్, ఒప్పందాలు, పాత్రల హక్కుల మీద లాయర్లు పాఠం చెబుతారు. కాలిఫోర్నియా లాయర్లు తప్పనిసరిగా పూర్తిచేయాల్సిన చదువు గంటల్లో దీన్నీ లెక్కేసుకోవచ్చు. సూపర్‌మ్యాన్ టీషర్టు వేసుకుని నోట్స్ రాసుకుంటున్న నడివయసు వకీళ్ళ మధ్య కూర్చున్నాను. బొమ్మల కథల పిచ్చితో పాడైపోతావని చిన్నప్పుడు వీళ్ళ నాన్నలూ అనే ఉంటారు. ఊరి సెంట్రల్ లైబ్రరీలో టీచర్లకీ లైబ్రేరియన్లకీ వేరే సమావేశాలున్నాయి. నడిచి వెళ్ళేంత దూరమే. జనం తక్కువ, కుర్చీ దొరుకుతుంది. క్లాసులో కామిక్స్‌తో పాఠం చెప్పాలనుకునేవాళ్ళు మొత్తం కాన్‌లో ఇదొక్కటి చూసినా చాలు.

లోపల తిండి గురించి చెప్పడానికి ఏమీ లేదు, ధర తప్ప. పులిహోర డబ్బా పట్టుకెళ్ళాం, ఎవరూ అడ్డుచెప్పలేదు. సందట్లో ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి ఎక్కడ కలవాలో ముందే మాట్లాడుకోండి. వాలంటీర్లు మాత్రం ఎన్నిసార్లు దారి అడిగినా విసుక్కోలేదు. వాలంటీరుగా పనిచేస్తే ప్రవేశం ఉచితం. విద్యార్థులకి మంచి దారి.

టికెట్ అక్కడికెళ్ళి కొనేది కాదు. ముందు వాళ్ళ వెబ్‌సైట్‌లో మెంబర్ ఐడీ తీసుకుని ఉండాలి, అమ్మకం రోజున ఆన్‌లైన్ వెయిటింగ్ రూమ్‌లో అదృష్టం కలిసిరావాలి. ఇదివరకు వెళ్ళినవాళ్ళకి ముందుగా ఒక విడత అమ్ముతారు. బొమ్మలు, రచన, సినిమా వృత్తిగా ఉన్నవాళ్ళు చేసిన పనికి రుజువులు చూపించి వృత్తివాళ్ళకిచ్చే ప్రవేశ పాస్, అంటే ప్రొఫెషనల్ బ్యాడ్జికి అడగొచ్చు. మా అమ్మాయి వచ్చే ఏడు ఆ దరఖాస్తే పెడతానంటోంది. ప్రస్తుతం కుర్చీలు గీస్తోంది.