పుట్టగొడుగుల నిల్వ పచ్చడికి ఏ రకం కొనాలి: బటనా, పాల పుట్టగొడుగా, ముత్యపు చిప్పా?

కూరకి బాగున్న పుట్టగొడుగు పచ్చడికి బాగుండాలని లేదు. మామిడికాయకి పులుపు పుట్టుకతోనే ఉంటుంది, ఉప్పూ కారం నూనె పట్టిస్తే ఏడాది నిలుస్తుంది. పుట్టగొడుగులో ఆ పులుపు లేదు. పైగా దాని బరువులో 90 శాతం నీరే. ఆ నీటిని వెళ్లగొట్టి, ఆ ఖాళీలోకి నిమ్మరసం ఎక్కించాలి. పచ్చడి పనంతా ఇదే. మార్కెట్లో దొరికే మూడు రకాల్నీ ఈ లెక్కతోనే తూచాం.

మొదటి స్థానం పాల పుట్టగొడుగుది. కాడ లావుగా, గట్టిగా ఉంటుంది, ముక్క కొరికితే పీచుపీచుగా విడుతుంది. ఎంత వేయించినా పేలికలైపోదు. 30–35 డిగ్రీల వేడిలో పండే రకం కాబట్టి మన ఎండలకి సరిగ్గా సరిపోతుంది, కోశాక రెండు మూడు రోజులకి కూడా తెల్లగానే ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు ముల్లంగిని తలపించే వాసన వస్తుంది, వేగితే పోతుంది. కాడ మొదలు ఒక అంగుళం కోసి పారేయండి, అక్కడ మట్టీ ఉంటుంది, ముక్కా నమలడానికి రాదు. దీంతో వచ్చిన చిక్కల్లా ప్రతి ఊళ్లో దొరక్కపోవడం. దగ్గర్లో పెంచేవాళ్లుంటే ముందురోజు చెప్పి కోయించుకోవడం మేలు.

ఎక్కువమందికి అందేది బటనే. 200 గ్రాముల ప్యాకెట్లు 5 తీసుకుంటే కిలో. కొనేటప్పుడు ప్యాకెట్ తిరగేసి చూడండి. గొడుగు కింద పొర మూసుకుని ఉంటే లేతది. పొర చిరిగి లోపలి నల్లటి రేకలు కనిపిస్తే ముదిరినట్టే, పచ్చడి రంగు మట్టి కొట్టుకుపోతుంది. కవరు లోపల నీటి చుక్కలు పట్టి ఉంటే వదిలేయండి. కోశాక కూడా పుట్టగొడుగు ఊపిరి తీస్తూనే ఉంటుంది, ఆ చెమ్మ అక్కడే చేరి జిగురు పుట్టిస్తుంది. సుద్దలా మెరిసే తెలుపు చూసి మురిసిపోనక్కర్లేదు, మందు నీళ్లలో కడిగినా ఆ తెలుపు వస్తుంది. లేత మీగడ రంగులో ఉండి, అక్కడక్కడా మట్టి నలుసులున్నవే మాకు నచ్చుతాయి.

ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పచ్చడికి మేం సిఫారసు చేయం. రేకలు పల్చన, నూనెలో పడగానే ముడుచుకుని దారాల్లా అయిపోతాయి. వాటిని ఎండబెట్టి పొడి కొట్టుకుంటే అన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. వానలకి మొలిచే పుట్టకొక్కుల రుచి వేరే లెవెల్లో ఉంటుంది గానీ, గుర్తుపట్టడం చిన్నప్పటి నుంచీ వచ్చినవాళ్లు ఏరి తెస్తే తప్ప వాటి జోలికి పోవద్దు. ఉడికించినా పోని విషం కొన్ని అడవి రకాల్లో ఉంటుంది.

ఇక కిలోకి కొలతలు. ఉప్పు 50 గ్రాములు, కారం 60, ఆవపిండి 20, వేయించి కొట్టిన మెంతిపిండి 5, అల్లంవెల్లుల్లి ముద్ద 60, నువ్వుల నూనె 200 మిల్లీలీటర్లు, నిమ్మరసం 150 మిల్లీలీటర్లు. నిమ్మరసాన్ని కాయల లెక్కన కాకుండా గ్లాసుతోనే కొలవండి, కాయకీ కాయకీ రసం తేడా ఉంటుంది. పల్లీ నూనె రుచికి తక్కువేం కాదు గానీ ఫ్రిజ్‌లో చిక్కబడిపోతుంది.

పుట్టగొడుగుల్ని నానబెట్టకుండా కుళాయి కింద గబగబా కడిగి, పొడిగుడ్డ మీద ఆరనివ్వండి. చిన్నవి రెండుగా, పెద్దవి నాలుగుగా కోయండి. గుండుగా మాత్రం వేయొద్దు, పులుపు నడిమధ్యకి చేరదు. వెడల్పాటి మందపాటి మూకుడులో నూనె వేయకుండా ముక్కలు, 15 గ్రాముల ఉప్పు వేసి పెద్ద మంట పెట్టండి. ఐదు నిమిషాల్లో మూకుడు నిండా నీళ్లూరతాయి. ఆ నీళ్లు పారబోయకండి, రుచంతా అందులోనే ఉంది. మూత పెట్టకుండా ఇంకనివ్వండి. ఇక్కడ చెవి పెట్టాలి. నీళ్లున్నంతసేపు బుడబుడమంటూ ఉడుకుతుంది, అవి అయిపోగానే చప్పుడు చిటపటకి మారుతుంది. గరిటెతో కదిపితే ముక్కలు మూకుడుకి రాసుకుని కీచుమంటాయి. ఆ కీచు వినపడ్డాక మంట తగ్గించి, అంచులు ఎర్రబడేదాకా ఇంకో ఐదారు నిమిషాలు వేయించండి. కిలో ముక్కలు అరకిలోకి లోపే తేలతాయి. అంతకంటే ఎక్కువ తూగితే నీరు మిగిలినట్టే.

చాలామంది ఈ దశలో చికెన్ పచ్చడిలా నూనెలో దేవుతారు. మాకది నచ్చదు. ముక్కకి నూనె పొర పట్టేశాక నిమ్మరసం లోపలికి దిగడానికి దారుండదు. దించిన ముక్కల్ని ఐదు నిమిషాలు ఆగి, వెచ్చగా ఉండగానే నిమ్మరసం, మిగిలిన ఉప్పు కలిపి గాజు గిన్నెలో రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. చల్లారుతూ పిండిన స్పాంజిలా పీల్చేసుకుంటాయి. పొయ్యి మీదుండగా రసం పోస్తే చేదెక్కుతుంది. సత్తు గిన్నె అసలే వద్దు, పులుపు తగిలితే లోహం వాసనొస్తుంది.

నూనె కాచి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేగాక అల్లంవెల్లుల్లి ముద్ద వేసి, తడి పోయి బంగారు రంగు వచ్చేదాకా వేయించండి. పచ్చి వెల్లుల్లి నూనెలో మునిగి ఉండటం మంచిది కాదు. దించి, వేలు పెట్టగలిగేంత చల్లారాకే కారం, మెంతిపిండి, ఆవపిండి కలపండి. వేడి నూనెలో ఆవపిండి చేదొస్తుంది, కారం నల్లబడుతుంది. చివరగా ముక్కలు, రసంతో సహా, అందులో కలపాలి. మొదటిరోజు ఉప్పు ఎక్కువనిపిస్తుంది, మూడోరోజుకి సర్దుకుంటుంది. సీసా అడుగున నూనె కింద పల్చటి నీళ్లు చేరాయంటే వేయించడం చాల్లేదన్నమాట. ముక్క రబ్బరులా సాగుతోందంటే మరీ చిన్నగా కోసి ఎక్కువసేపు వేయించారు.

నిల్వ విషయంలో మాత్రం మొహమాటం పెట్టుకోం. ఈ పచ్చడిని ఫ్రిజ్ బయట పెట్టొద్దు. పులుపు చాలని ముక్క నూనెలో గాలి తగలకుండా ఉంటే బొటులినమ్ అనే సూక్ష్మజీవి పెరిగే వీలుంది. దాని విషం వాసనకీ రుచికీ తెలియదు. అది పెరగకుండా ఉండాలంటే పులుపుని కొలిచే పీహెచ్ అంకె 4.6 కన్నా తక్కువుండాలి, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువన్నమాట. ఇంట్లో దాన్ని ఎవరూ కొలవరు కదా! అందుకే శుభ్రమైన గాజు సీసాలో ఫ్రిజ్‌లోనే ఉంచి, పొడి చెంచాతో తీసుకుంటూ మూడు వారాల్లో అవగొట్టండి. ఆవకాయలా జాడీలో పోసి అటక మీద పెట్టే సరుకు కాదిది.

ఇంత ఓపిక లేక సీసా కొనుక్కునేవాళ్లు లేబుల్ మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల లైసెన్స్ నంబరు, తయారీ తేదీ, పదార్థాల్లో పులుపు కోడ్ 260 గానీ 330 గానీ ఉన్నాయేమో చూడండి. 260 అంటే వెనిగర్‌లోని ఆమ్లం, 330 అంటే నిమ్మ ఉప్పు. పదార్థాల వరసలో నూనె మొదట, పుట్టగొడుగులు తర్వాత రాసి ఉంటే, డబ్బులు ఎక్కువగా నూనెకే పోసినట్టు.